మౌంటెన్ బైక్ నుంచి రోడ్డు రేసులకు: శిక్షణ ఎలా మార్చాలి?

ఫ్రాన్స్ సైక్లిస్ట్ పౌలిన్ ఫెరాన్-ప్రెవో 2024లో పారిస్ దగ్గరి ఎలాంకూర్ కొండ మీద మౌంటెన్ బైక్ ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 2025లో ఒక్క రోజు రోడ్డు రేసు పారిస్–రూబే, 9 రోజుల మహిళల టూర్ ద ఫ్రాన్స్ (టూర్ ద ఫ్రాన్స్ ఫామ్) కూడా గెలిచారు. అద్భుతమైన మార్పు! మౌంటెన్ బైక్ క్రాస్‌కంట్రీ రేసు దాదాపు గంటన్నర. పొట్టి ఎక్కుళ్లలో పూర్తి బలం, దిగేటప్పుడు కాస్త ఊపిరి. రోడ్డు మీద మూడు నాలుగు గంటలు, టూర్‌లో అయితే అదీ వరసగా రోజూ. తిండి చాలకపోతే చివరి ఎక్కుడులో కాళ్లు ఆడవు.

ఇలా మారే క్రీడాకారిణికి వారానికి ఎన్ని పొడవాటి రైడ్లు పెట్టాలి? రైడ్‌లో తీసుకునే కార్బోహైడ్రేట్‌ను గంటకు 60 గ్రాముల నుంచి 90కి ఎన్ని వారాల్లో పెంచితే కడుపు తట్టుకుంటుంది? పాత పదును పోకుండా వారానికి ఒక్క ఇంటర్వెల్ సెషన్ (కాసేపు పూర్తి బలం, కాసేపు విశ్రాంతి) సరిపోతుందా? గుంపులో చక్రం వెనకే చక్రం నడపడం రాళ్లదారిలో అలవాటయ్యేది కాదు; దానికి ఏ అభ్యాసాలు పనికొస్తాయి? శిక్షకులు ఎవరైనా వివరంగా చెప్పగలరా?