గుండ్రటి లేసు శాలువా గిన్నెలా ముడుచుకుంటోంది, విప్పేయాలా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి):
అక్కయ్యలందరికీ నమస్కారం. ఢిల్లీలో ఉంటున్న మా అత్తగారికి చలికాలానికి అందేలా సన్నని ఊలుతో గుండ్రటి శాలువా అల్లుతున్నాను. నడిమధ్య 9 కుట్లతో మొదలుపెట్టి 18, 36, 72 దాకా పెంచాను. ఇప్పుడు 72 కుట్ల మీద అల్లుతుండగా అంచులు పైకి లేచి, అల్లిక గిన్నెలా కనిపిస్తోంది. తడిపి ఆరబెడితే సర్దుకుంటుందా, లేక మొత్తం విప్పేయాలా?

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం నుంచి):
చెల్లెమ్మా, ఇప్పుడే విప్పకండి. సూదుల మీద కుట్లు ఇరుక్కుని ఉన్నప్పుడు సరిగ్గా వచ్చిన అల్లిక కూడా గిన్నెలాగే కనిపిస్తుంది. ముందుగా దబ్బనంతో కుట్లన్నింటినీ పొడవాటి నూలు దారం మీదకు ఎక్కించి, మంచం మీద పరిచి చూడండి. అప్పటికీ అంచులు లేస్తుంటే చుట్లు లెక్కపెట్టాలి.

మీరు అల్లుతున్నది ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే అల్లిక నిపుణురాలు రూపొందించిన పద్ధతి. వృత్తం వ్యాసార్ధం రెట్టింపైతే చుట్టుకొలత కూడా రెట్టింపవుతుంది కనుక, ఇందులో ప్రతి చుట్టులోనూ కొద్దికొద్దిగా పెంచే బదులు, మధ్య నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా ఒకే చుట్టులో కుట్లను రెట్టింపు చేస్తారు. 18 కుట్ల మీద 3 చుట్లు, 36 మీద 6, 72 మీద 12, 144 మీద 24, 288 మీద 48 అల్లాలి. పెంపు ఆలస్యమైతే గిన్నె అవుతుంది, తొందరపడితే అంచు కుచ్చిళ్లు పోతుంది. శాలువాను కిటికీ వెలుతురుకు పట్టుకుంటే కుట్లు పెంచిన చోట చిన్న రంధ్రాలు వలయంగా కనిపిస్తాయి; చివరి వలయం నుంచి ఒకే కుట్టు వెంబడి పైకి లెక్కపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అక్కయ్య గారూ, లెక్కపెట్టాను. 72 కుట్ల మీద 21 చుట్లు అల్లేశాను.

జవాబు:
అయితే తప్పు అక్కడే ఉంది. తడిపి లాగినా అది సర్దుకోదు, కానీ విప్పవలసింది 9 చుట్లే. విప్పే ముందు 12వ చుట్టులో ప్రతి కుట్టుకూ కుడివైపు కాలు (‘V’ ఆకారంలో కనిపించే కుట్టులో కుడి గీత) కింద నుంచి సన్నని సూదిని పోనిస్తూ, 72 కుట్లూ దాని మీదకు వచ్చాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మీ నమూనాలో 12వది రంధ్రాలు లేని సాదా చుట్టే అయితే ఈ పని సులువు. తరువాత పైనున్న దారాన్ని నెమ్మదిగా లాగితే, అల్లిక ఆ సూది దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒక్కో కుట్టుకు ముందు సూది మీద దారం ఒకసారి చుట్టి 144కు పెంచండి. ఇకమీదట పెంచిన ప్రతిసారీ, తరువాతి సాదా చుట్టులో వేరే రంగు నూలు దారం ఒకటి గుచ్చి ఉంచితే, ఎప్పుడు పొరపాటు జరిగినా అంతవరకే విప్పుకోవచ్చు.

చివరి చుట్టును మాత్రం చాలా వదులుగా ముగించండి. బిగిస్తే అంచు సాగదు. మన నరసాపురం క్రోషే లేసు సూది నుంచి దిగగానే అందంగా ఉంటుంది గానీ, ఊలు లేసు తడిపి సాగదీస్తేనే విచ్చుకుంటుంది. చల్లని నీటిలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరుపు మీద మధ్య నుంచి అంచు వైపు సమంగా లాగుతూ తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చండి. ఎండలో పెట్టకుండా ఫ్యాను కిందే ఉంచి, పూర్తిగా ఆరాకే సూదులు తీయండి.