డబ్బు కట్టి వచ్చే విదేశీ వాలంటీర్లు ఆఫ్రికాలోని చిన్న సంస్థకి మేలా, భారమా?

థేమ్స్‌ఒడ్డు:

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఏటా కొన్ని రోజులు సేవా కార్యక్రమాలకి సెలవిస్తారు. దానికి సొంత లీవు కలుపుకుని, ఈసారి మా తెలుగు బ్యాచ్ పదిమందిమి తూర్పు ఉగాండాలో ఒక చిన్న సంస్థ దగ్గర మూడు వారాలు పనిచేద్దామనుకుంటున్నాం. ఒక బడి, కుట్టు శిక్షణ, పొదుపు సంఘాలు, చుట్టుపక్కల ఊళ్ళ బోరింగుల నిర్వహణ వాళ్ళు చూస్తారు. నడిపేవాళ్ళంతా స్థానికులే. టికెట్లు, టీకాలు, వీసా అన్నీ కలిపి మనిషికి 2,000 పౌండ్ల దాకా అవుతుంది. అందులో 500 సంస్థకి కట్టే ప్రోగ్రామ్ ఫీజు. మేం పిల్లలకి ఇంగ్లీషు చెప్పాలి, బడికి రంగులు వేయాలి, ఆటలు ఆడించాలి.

మా ఆవిడ లెక్క చూసి, "మొత్తం 20,000 పౌండ్లు. అందులో వాళ్ళకి చేరేది 5,000. ఇంట్లో కూర్చుని మొత్తం పంపేస్తే పోదా?" అంది. నాకు జవాబు దొరకలేదు. మాలో సగం మంది వెళ్ళాల్సిందే అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కంపాలాతెలుగు:

మీ ఆవిడ చెప్పిందే నిజం బ్రదర్. ఇక్కడ ఉగాండాలో ఉద్యోగం చేస్తూ ఇలాంటి బృందాలను చాలా చూశాను. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, పోస్టు రాక బోడా బోడా (ఇక్కడి బైక్ టాక్సీ) నడుపుకునే కుర్రాళ్ళు నాకు తెలుసు. వాళ్ళుండగా మూడు వారాల ఇంగ్లీషు క్లాసుకి లండన్ నుంచి మనిషి ఎందుకు? రంగులు వేయడానికి ఊళ్ళో పెయింటర్ లేడా? ఆ కూలి అతనికి రావాలి. 1961 ఆగస్టులో విదేశాలకి వాలంటీర్లను పంపే అమెరికా పీస్ కోర్ మొదటి బృందం, 51 మంది టీచర్లు, ఘనాలో దిగినప్పుడు అక్కడ చదువు చెప్పేవాళ్ళ కొరత నిజంగా ఉంది. ఈ రోజు కొరత మనిషిది కాదు, జీతానిది.

ఇంకో సంగతి. వచ్చినవాళ్ళ కంటికి ఏది బాగుంటే సంస్థ పని అటే ఒరుగుతుంది. పిల్లలు తిరిగే రంగులరాట్నంతో నీళ్ళు తోడే ప్లేపంప్ గుర్తుందా? 2006లో అమెరికాలో 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు, 2010 కల్లా ఆఫ్రికాలో 4,000 పెడతామన్నారు. ఫొటోలో పిల్లలు నవ్వుతూ తిరుగుతుంటే ఎవరికి నచ్చదు? తీరా చూస్తే, అనుకున్నన్ని నీళ్ళు రావాలంటే రోజుకి 27 గంటలు ఆడాలని గార్డియన్ పత్రిక లెక్క కట్టింది. చాలాచోట్ల ఆడవాళ్ళే ఆ చక్రాన్ని చేత్తో తిప్పుకున్నారు.

ఇక్కడి ఊళ్ళలో ఉండేది యు2 అనే చేతిపంపు, మన ఇండియా మార్క్ టూ బోరింగుకి ఉగాండా రూపం. వాషర్లు, గొలుసు, రాడ్లు మార్చుకుంటూ పోతే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఆఫ్రికా పల్లెల్లో చేతిపంపుల్లో 36 శాతం పనిచేయట్లేదని 2009లో గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ అంచనా వేసింది. కొత్త బోరుకి దాతలు దొరుకుతారు, దాని మీద పేరు చెక్కుతారు. వాషరుకి మాత్రం ఎవరూ డబ్బివ్వరు.

లెక్కలమాస్టారు:

కంపాలా తమ్ముడు చెప్పిన ఆ వాషరు దగ్గరే నేను మొదలుపెడతాను. రిటైరయ్యేదాకా విజయవాడలో స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూశాను. చిన్న సంస్థకి వచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి పని పేరు రాసి ఇచ్చేది. "ఇది కుట్టు మిషన్లకి, ఇది మరుగుదొడ్లకి" అంటారు. అందులోంచి ఒక్క రూపాయి పక్కకి తీస్తే ఆడిట్‌లో తప్పు. రెండోది ఏ షరతూ లేనిది. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం, బండి పెట్రోలు, రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఆడిట్ ఫీజు, పంపు వాషరు అన్నీ ఈ రెండో డబ్బులోంచే నడవాలి. మొదటి రకం ఇచ్చేవాళ్ళు ఎక్కువ, రెండో రకం ఇచ్చేవాళ్ళు దాదాపు లేరు. "మీ డబ్బంతా నేరుగా పేదలకే" అని చెప్పుకోవడం దాతలకి గొప్ప, ఆ పేదల దగ్గరికి వెళ్ళే మనిషికి జీతం మాత్రం గాల్లోంచి రావాలి! మన దేశంలోనే 2020 సవరణతో విదేశీ విరాళాల చట్టం ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా ఆగిపోయింది. పెద్ద సంస్థ నీడలో బతికే చిన్న సంస్థలకి అది పెద్ద దెబ్బ.

ఉగాండా సంస్థకి ఆ 500 పౌండ్ల ఫీజు సరిగ్గా ఈ రెండో రకం డబ్బు. పదిమందికి 5,000. వాలంటీర్లు వేసే రంగు ఎవరికీ అవసరం లేకపోవచ్చు, వాళ్ళతో వచ్చే ఆ ఫీజు మీద సంస్థ ఊపిరి నిలబడి ఉంటుంది. "రావద్దు" అని చెప్పేవాళ్ళు ముందు ఆ అకౌంటెంట్ జీతం ఎవరిస్తారో చెప్పాలి.

ఇప్పుడు కాలం కూడా బాగాలేదు. 2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని ఆపింది, మార్చికల్లా ఆ సాయం పంచే యూఎస్‌ఎయిడ్ సంస్థ కార్యక్రమాల్లో 83 శాతం రద్దన్నారు, జులై 1కి ఆ సంస్థే మూతపడింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.7 శాతం ఇచ్చేది, 2021లో 0.5 చేసింది, 2027కి 0.3 అంటోంది. ఆ డబ్బు చిన్న సంస్థలకి నేరుగా వచ్చేది కాదు, పెద్ద సంస్థల కింద ఉపగ్రాంట్లుగా చేరేది. పై సంస్థకి ఆగగానే కింద జీతాలు ఆగాయి. ఇలాంటి వేళ ఉన్న ఒక్క ఆధారాన్నీ సిద్ధాంతం పేరుతో తీసేయమనడం నాకు న్యాయంగా తోచదు.

నర్స్‌అక్క:

మాస్టారూ, డబ్బు విషయం ఒప్పుకుంటాను. కానీ పిల్లల విషయంలో నేను వెనక్కి తగ్గను. నేను బర్మింగ్‌హామ్‌లో పిల్లల వార్డు నర్సుని. ఇక్కడ బడిలో పిల్లలతో పనిచేయాలంటే పోలీస్ రికార్డుల తనిఖీ ఉండాలి. అదే మనిషి ఆఫ్రికాలో దిగితే ఆ రోజే పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫొటో దిగుతాడు, ఎవరూ అడగరు.

ఉగాండాలోనే జింజా అనే ఊరి సంగతి చదవండి. వైద్యం చదవని ఒక అమెరికన్ యువతి అక్కడ పోషకాహార కేంద్రం నడిపింది. 2010 నుంచి 2015 దాకా చేరిన 940 మంది పిల్లల్లో 105 మంది చనిపోయారు. ఆమె తరఫువాళ్ళు, చాలామంది అప్పటికే విషమ స్థితిలో వచ్చారని, తను డాక్టరునని ఎప్పుడూ చెప్పుకోలేదని అన్నారు. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెళ్ళారు, 2020లో పరిహారంతో కేసు ముగిసింది, తప్పు జరిగిందని మాత్రం ఒప్పుకోలేదు. మనసు మంచిదైతే చాలు, చదువు లేకపోయినా పర్లేదు అనుకునే చోటే ఇలాంటివి జరుగుతాయి. బ్రిటన్‌లో అలాంటి కేంద్రానికి తాళం పడటానికి ఒక్క రోజు చాలు.

అనాథాశ్రమాలైతే ఇంకా ఘోరం. తల్లిదండ్రులున్న పిల్లల్నే తెచ్చి సందర్శకులకి చూపించే చోట్లున్నాయి. అందుకే కెన్యా 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపింది, ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు అనాథాశ్రమాల కోసం పిల్లల రవాణా గురించి కూడా మాట్లాడింది. బ్రదర్, మీరు వెళ్ళేది బడికే కావచ్చు. పిల్లలతో ఒంటరిగా ఉండే పని ఏదీ ఒప్పుకోకండి, ఆటలు కూడా. మూడు వారాలు ప్రేమగా ఉండి వెళ్ళిపోయే బృందాలు ఏటా మారుతుంటే ఆ పసివాళ్ళ మనసు ఏమవుతుందో ఆలోచించండి.

అనంత‌సీమ:

ఆఫ్రికా నేను చూడలేదు, కానీ ఈ ప్రశ్న మా జిల్లాది కూడా. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) పెట్టారు. డబ్బులో పెద్ద భాగం స్పెయిన్‌లో నెలనెలా కొంత ఇచ్చే మామూలు కుటుంబాలది. అక్కడి నుంచి సందర్శకులూ వచ్చేవారు. వాళ్ళు వచ్చి గోడలకి రంగులు వేసిపోలేదు. తాము సాయం చేస్తున్న పిల్లాణ్ణి, ఊరిని చూసి, భోజనం చేసి వెళ్ళేవారు, ఇంటికెళ్ళాక డబ్బు పంపుతూనే ఉండేవారు. ఊళ్ళలో పనిచేసింది, చేస్తున్నది దాదాపు అంతా మనవాళ్ళే. అతిథిగా రావడం వేరు, పనిమంతుడిగా రావడం వేరు. అతిథి వల్ల నష్టం తక్కువ, బంధం ఎక్కువ.

అయితే మాస్టారి భయం కూడా మాకు తెలుసు. 2025లో దానికి విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి (ఎఫ్‌సీఆర్‌ఏ) రెన్యువల్ చిక్కు వచ్చినప్పుడు జనం రోడ్ల మీదికొచ్చారు. అర్ధశతాబ్దం దాటిన సంస్థకే ఆ టెన్షన్. ఉగాండాలో పదేళ్ళ సంస్థ సంగతేంటి? ఊరి నుంచి కూడా ఎంతో కొంత రావాలి. వాళ్ళ పొదుపు సంఘాలు ఎలా నడుస్తున్నాయో అడగండి. 1991లో నైజర్‌లోని మరాడిలో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతే ఆఫ్రికా అంతా పాకింది. బ్యాంకు లేకుండా సభ్యులే కూడబెట్టి, అప్పులిచ్చుకుని, ఏడాది చివర పంచుకుంటారు. మన డ్వాక్రా అక్కలకి చెబితే వెంటనే అర్థమవుతుంది.

కంపాలాతెలుగు:

మాస్టారూ, మీ లెక్కలో ఖర్చు కాలమ్ ఖాళీగా ఉంది. పదిమంది వస్తే ఎంటెబ్బె విమానాశ్రయం నుంచి వ్యాను, కొనుక్కునే నీళ్ళు, జనరేటర్, వంట. పోషో (మొక్కజొన్న పిండి ముద్ద), బీన్స్ తినలేనివాళ్ళకి వేరే కూర. ఎవరికైనా మలేరియా వస్తే ఆసుపత్రికి పరుగు. అకౌంటెంట్, ప్రోగ్రామ్ ఆఫీసర్ మూడు వారాలు గైడ్లుగా తిరగాలి. అంతా తీసేశాక 5,000లో ఏం మిగులుతుంది? ఏ సంస్థా వాలంటీరు ముందు ఆ లెక్క పెట్టదు, ఇబ్బందిగా ఉంటుంది కనుక.

లెక్కలమాస్టారు:

నిజమే తమ్ముడూ, నికర మిగులు అడగాల్సిందే. మిగులు లేకపోతే నా వాదన నిలబడదు. థేమ్స్‌ఒడ్డు గారు ఇక్కడ మనల్ని అడిగే బదులు ఆ సంస్థనే అడిగితే బాగుంటుంది. మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు కూడా తెప్పించుకోండి. రిపోర్టు లేదంటే అనుమానించకండి, అకౌంటెంట్‌ని పెట్టుకోలేని స్థితి కావచ్చు.

థేమ్స్‌ఒడ్డు:

అడిగాను మాస్టారూ. సంస్థ నడిపే ఆవిడతో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. మొదట మొహమాటపడ్డారు. మేం రాకపోయినా డబ్బు ఆగదని చెప్పాక విడమరిచి చెప్పారు. పదిమంది వస్తే ఫీజులో సగం మా మీదే అయిపోతుందట. ఇద్దరే వస్తే నయమట. ఒకరు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నేర్పే మనిషి, ఇంకొకరు గ్రాంట్ దరఖాస్తులు రాయడంలో సాయపడే మనిషి అయితే మరీ మంచిదట, అదీ వచ్చేముందు, వెళ్ళాక ఆన్‌లైన్‌లో ఏడాది తోడుంటేనే. రంగుల పని అసలు వాళ్ళ ఆలోచన కాదు. ఇంతకుముందు వచ్చిన బృందాలు "చేతులతో చేసే పని" అడిగారు కనుక పెట్టారు.

ఒక మాట మాత్రం మా ఆవిడకి సూటిగా తగిలింది. "రాకుండా పంపుతామన్నవాళ్ళు ఒక ఏడాది పంపారు, తర్వాత మమ్మల్ని మర్చిపోయారు. వచ్చి చూసినవాళ్ళలో కొందరు ఇప్పటికీ పంపుతున్నారు" అన్నారు.

పదిమందిలో ఇద్దరమే వెళ్తాం, మిగతా ఎనిమిదిమంది టికెట్ల డబ్బు పంపాలని ప్రతిపాదించాను. ఐదుగురు సరేనన్నారు. ముగ్గురు మాత్రం, తాము వెళ్ళకపోతే డబ్బు ఇచ్చేది లేదన్నారు.

లెక్కలమాస్టారు:

ఐదుగురు చాలు. ఒక్కసారి పంపే 1,500 కంటే నెలకి 40 పౌండ్ల చొప్పున మూడేళ్ళ స్టాండింగ్ ఆర్డర్ (బ్యాంకు నుంచి నెలనెలా దానంతటదే వెళ్ళే చెల్లింపు) ఆ సంస్థకి ఎక్కువ పనికొస్తుంది. వచ్చే ఏడాది జీతం ఇవ్వగలమని ముందే తెలిస్తేనే మంచి అకౌంటెంట్ ఉంటాడు. బ్రిటన్‌లో రిజిస్టరైన చారిటీ ద్వారా పంపితే గిఫ్ట్ ఎయిడ్ కింద పౌండుకి 25 పెన్నీలు ప్రభుత్వం కలుపుతుంది, నేరుగా ఉగాండా ఖాతాకి వేస్తే అది రాదు. వాళ్ళకి బ్రిటన్‌లో భాగస్వామి చారిటీ ఉందేమో కనుక్కోండి. విరాళం పత్రంలో పని పేరు దగ్గర "సంస్థ అవసరం కొద్దీ" అని మాత్రం రాయండి.

నర్స్‌అక్క:

మీరిద్దరూ పోలీస్ తనిఖీ పత్రం తీసుకెళ్ళండి, వాళ్ళు అడగకపోయినా ఇవ్వండి. తర్వాత వచ్చేవాళ్ళని అడగడం వాళ్ళకి తేలికవుతుంది.

కంపాలాతెలుగు:

ఇద్దరికీ ఒప్పుకుంటాను, పదిమందికైతే ఇప్పటికీ ఒప్పుకోను. అయినా నాకింకా ఒకటి నచ్చట్లేదు మాస్టారూ: వచ్చి చూస్తేనే ఇస్తాననే మనిషిని సంతోషపెట్టే బాధ్యత ఊళ్ళో నీళ్ళు మోసుకునే ఆడవాళ్ళ మీద ఎందుకు పడాలి? ఆ ముగ్గురినీ ఈ థ్రెడ్‌లోకే తీసుకురండి, వాళ్ళతో నేను మాట్లాడతాను.