‘సిన్స్ టెన్ ఇయర్స్’ అని ఎందుకు రాయకూడదు?

గోదావరిగట్టు (ప్రశ్న):
నమస్కారం. ఒక దరఖాస్తులో నేను "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అని రాస్తే, మా అమ్మాయి దాన్ని కొట్టేసి "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అని దిద్దింది. "పదేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్నదానికి నా వాక్యం మాటకు మాట సరిపోతోంది కదా, ఇందులో తప్పెక్కడుందో దయచేసి వివరించగలరు.

బడిపంతులు:
మాటకు మాట సరిపోవడమే ఇక్కడి చిక్కండి. మన "నుంచి" రెండు పనులు చేస్తుంది: "2015 నుంచి" అన్నప్పుడు పని మొదలైన సమయాన్ని, "పదేళ్ల నుంచి" అన్నప్పుడు గడిచిన కాలాన్ని చెబుతుంది. ఇంగ్లిష్‌లో మొదటిదానికి సిన్స్, రెండోదానికి ఫర్ వాడాలి. ఇక క్రియ సంగతి. "పనిచేస్తున్నాను" అనే మన రూపం ఈ క్షణంలో చేస్తున్న పనికీ, ఎప్పుడో మొదలై నేటికీ సాగుతున్న పనికీ ఒకేలా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ రెండోదానికి "హావ్ బీన్ వర్కింగ్" అనే వేరే రూపం ఉంది. "ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అని మాత్రం రాయకండి, మీరు ఉద్యోగం మానేశారని చదివేవారు అనుకుంటారు.

మ్యూనిక్ తెలుగు:
ఇది మన ఒక్కరి పొరపాటే కాదు. జర్మన్‌లో "జైట్" అనే మాట కూడా అచ్చంగా మన "నుంచి" లాగే రెండు పనులూ చేస్తుంది, క్రియ కూడా వర్తమానంలోనే ఉంటుంది. అందుకే మా ఆఫీసులోని జర్మన్లు సైతం "సిన్స్ టెన్ ఇయర్స్" అని మెయిళ్లు రాస్తుంటారు. ఇంకొక్క మాట: "నాకు ఆయన పదేళ్లుగా తెలుసు" అనాలంటే "ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్" అనాలి. తెలియడం, నమ్మడం వంటి క్రియలకు సాధారణంగా "ఇంగ్" చేర్చరు కాబట్టి అక్కడ "బీన్ నోయింగ్" కుదరదు.

గోదావరిగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే "ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ ఐ జాయిన్డ్" అనే వాక్యం ఒక వ్యాకరణ పుస్తకంలోనే చూశాను. అందులో పదేళ్లూ ఉన్నాయి, సిన్సూ ఉంది. మరి అదెలా ఒప్పయింది?

బడిపంతులు:
సిన్స్ తర్వాత ఏముందో చూడండి. పదేళ్లు దానికి ముందున్నాయి; వెనక వచ్చింది "ఐ జాయిన్డ్", అంటే మీరు చేరిన ఘట్టం. అది మొదలైన సమయమే కదండీ.