మెర్క్స్ 1972 సైకిల్ లాంటి దాని మీదే గంట రికార్డు తొక్కాలనడం న్యాయమేనా?

బ్రస్సెల్స్_వాసు:
ఇక్కడ ఆండర్లెక్ట్‌లో బెల్జియం సైక్లింగ్ దిగ్గజం ఎడీ మెర్క్స్ పేరుతో ఒక మెట్రో స్టేషన్ ఉంది, లైన్ 5 మీద. ప్లాట్‌ఫాం మీద అద్దాల పెట్టెలో ఒక నారింజ రంగు సైకిల్ పెట్టారు. 1972 అక్టోబర్ 25న మెక్సికో సిటీలో మెర్క్స్ గంటసేపట్లో 49.431 కిలోమీటర్లు తొక్కింది దాని మీదే. ట్రాక్ మీద ఒక గంటలో ఎంత దూరం తొక్కగలరన్నదే గంట రికార్డు. నిన్న మళ్లీ ఆగిపోయాను, రెండు రైళ్లు వెళ్లిపోయినా కదల్లేదు. బ్రేకులు లేవు, గేర్లు లేవు, సన్నటి స్టీలు గొట్టాలు, కిందికి వంగిన హ్యాండిల్, మామూలు స్పోక్ చక్రాలు. అంతే.

నా మాట సూటిగా చెప్తాను. 2000లో సైక్లింగ్ అంతర్జాతీయ సంఘం యూసీఐ చేసింది మంచి పని. 1972 తర్వాత డిస్క్ చక్రాలతో (స్పోకులు లేకుండా పళ్లెంలా మూసేసినవి), వింత వింత భంగిమలతో వచ్చిన రికార్డులన్నిటినీ వేరే జాబితాలోకి మార్చి, అసలు గంట రికార్డు కావాలంటే మెర్క్స్ తొక్కిన తరహా సైకిల్ మీదే తొక్కమంది. ఎందుకంటే బ్రిటన్ రైడర్ క్రిస్ బోర్డ్‌మన్‌నే చూడండి. 1996లో మాంచెస్టర్ ట్రాక్ మీద, చేతులు బారుగా ముందుకు చాపిన సూపర్‌మ్యాన్ భంగిమలో 56.375 తొక్కాడు. 2000లో అదే ట్రాక్, అదే మనిషి, పాత తరహా సైకిల్, 49.441. దాదాపు 7 కిలోమీటర్ల తేడా. మెర్క్స్ కంటే పది మీటర్లే ఎక్కువ! ఆ 7 కిలోమీటర్లు కాళ్లలోంచి వచ్చినవి కావు కదా. 2014లో ఈ రూల్ తీసేసి మళ్లీ ఇప్పటి ట్రాక్ సైకిళ్లకు తలుపులు తెరిచారు, నాకు అది నచ్చలేదు.

చైన్‌వీల్_గుంటూరు:
వాసు గారూ, మీ అభిమానం అర్థమైంది గానీ, ఆ సైకిల్‌ని మీరు మన ఊళ్లో పాలవాడి సైకిల్‌లా చెప్తున్నారు. దాన్ని ఇటలీ సైకిళ్ల తయారీదారు ఎర్నెస్తో కొల్నాగో ఆ ఒక్క గంట కోసమే ప్రత్యేకంగా కట్టాడు. బరువు ఆరు కిలోల లోపే. 1972లో! హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్ టైటానియంది, హ్యాండిల్‌కీ చైన్‌కీ కూడా బరువు తగ్గించడానికి రంధ్రాలు వేశారు. ఆ రోజుల్లో అంతకు మించిన టెక్నాలజీ ఏముంది? పైగా మెక్సికో సిటీ 2,200 మీటర్లకు పైన ఉంటుంది, అక్కడ గాలి పలచన, ఎదురుగాలి ఒత్తిడి తక్కువ. అంతకుముందు 1968లో ఓలె రిట్టర్ 48.653 తొక్కిందీ అక్కడే. అంటే దొరికిన ప్రతి లాభాన్నీ మెర్క్స్ వాడుకున్నాడు, తప్పేం లేదు. అదే పని 1984లో ఫ్రాంచెస్కో మోజర్ అదే ఊళ్లో డిస్క్ చక్రాలతో చేసి 51.151 తొక్కితే మాత్రం అది మోసమా? గీత సరిగ్గా 1972 దగ్గరే ఎందుకు గీయాలి? మెర్క్స్ అంటే అందరికీ ఇష్టం కాబట్టి, అంతే.

ఇంకో మాట, 2000 నాటికి బోర్డ్‌మన్‌కి 32 ఏళ్లు, ఆ రైడ్‌తోనే రిటైరయ్యాడు. ఆ 7 కిలోమీటర్లు మొత్తం సైకిల్ ఖాతాలో రాయకండి.

పెడల్_కాకినాడ:
గుంటూరు అన్నతో నేను. కానీ నా బాధ మోజర్ గురించి కాదు, గ్రేమ్ ఓబ్రీ గురించి. స్కాట్లాండ్‌లో వెనక పెద్ద టీం లేకుండా తనే కట్టుకున్న సైకిల్, అందులో వాషింగ్ మెషీన్ బేరింగులు వాడాడు. మోకాళ్లు దగ్గర దగ్గరగా తిరగాలని పెడళ్ల మధ్య వెడల్పు తగ్గించాడు, చేతుల్ని ఛాతీ కింద ముడుచుకుని తొక్కాడు. 1993 జులై 16న నార్వేలో హమార్ ట్రాక్ మీద ప్రయత్నించి ఓడిపోయాడు. ఇంకొకరైతే అక్కడితో ఇంటికి వెళ్లిపోయేవాళ్లు. ఈయన ఆ రాత్రి కండరాలు బిగుసుకుపోకుండా మధ్యమధ్యలో లేచి సాగదీసుకోవాలి కాబట్టి, మూత్రానికి మెలకువ వస్తుందని కావాలనే నీళ్లు తాగి పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఎక్కి 51.596 తొక్కేశాడు! ఆరు రోజులకే బోర్డ్‌మన్ దాన్ని దాటాడు, అది వేరే సంగతి. 1994లో ఆ భంగిమనే నిషేధించి, పలెర్మో ప్రపంచ పోటీల్లో ఓబ్రీని డిస్‌క్వాలిఫై చేశారు. ఆ తర్వాత 2000లో ఆయన రికార్డుని కూడా అసలు రికార్డు కాదన్నారు. డబ్బున్న టీం కట్టించిన ఆరు కిలోల సైకిల్ సంప్రదాయం, పేదవాడు షెడ్డులో కట్టుకున్నది ఉల్లంఘనా? చదివినప్పుడల్లా కడుపు రగులుతుంది నాకు.

ఫిక్స్‌డ్‌గేర్_ఓయూ:
నేను ఇద్దరికీ మధ్యలో ఉన్నాను. ఉస్మానియా యూనివర్సిటీ సైకిల్ రేసు ట్రాక్ అయిన వెలొడ్రోమ్‌లో కొన్నాళ్లు ఫిక్స్‌డ్ గేర్ తొక్కాను కాబట్టి ఆ సైకిల్ మీద ఒళ్లు ఎలా ఉంటుందో కొంచెం చెప్పగలను. ఫ్రీవీల్ ఉండదు, కాళ్లు ఆపుదామంటే పెడల్ ఆగనివ్వదు, చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాల్సిందే. పదిహేను నిమిషాలకే నడుము పట్టేస్తుంది, వంపు హ్యాండిల్ కింది భాగం పట్టుకుని తల దించి ఉంచితే మెడ రాయిలా అయిపోతుంది. ఇప్పుడు మెర్క్స్ లెక్క చూడండి. ముందు చైన్ చక్రానికి 52 పళ్లు, వెనక దానికి 14. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 7.9 మీటర్లు వెళ్తుంది. అంటే గంటసేపు నిమిషానికి 104 చుట్లు, ఒక్క క్షణం విశ్రాంతి లేకుండా. మొదటి పది కిలోమీటర్లు 11 నిమిషాల 53 సెకన్లలో తొక్కేసి, మిగతా గంటంతా దానికి మూల్యం చెల్లించాడు. టూర్ డి ఫ్రాన్స్, జీరో డి ఇటాలియా అనే రెండు పెద్ద రేసులూ గెలిచిన ఏడాది చివర్లో ఈ పని! తన జీవితంలో ఇంతకంటే కష్టమైన రైడ్ లేదని తర్వాత తనే అన్నాడు.

అందుకే ఆ తరహా సైకిల్ అంటే నాకు గౌరవం. కానీ ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతను కొత్త రికార్డులవాళ్ల మీదికి తిప్పి, వాళ్లు మద్దెల బలంతోనే ఆడారనడం అన్యాయం. డిస్క్ చక్రం మీదా అదే గంట, అదే నొప్పి.

బ్రస్సెల్స్_వాసు:
కాకినాడ తమ్ముడూ, ఓబ్రీ విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఒప్పేసుకుంటున్నాను. ఆయన సైకిల్ కూడా ఒక మనిషి చేతిపనే. మహిళల్లో జానీ లోంగో సంగతీ అంతే, 1996లో తొక్కిన 48.159ని పక్కన పెట్టేస్తే, 2000లో పాత తరహా సైకిల్ మీద మళ్లీ మొదలుపెట్టి 45.094 దాకా రావాల్సి వచ్చింది. అది చూసి అయ్యో అనుకున్నవాణ్నే నేనూ.

కానీ ఒకటి మాత్రం వదలను. 2022లో ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్‌లో 56.792 తొక్కాడు, ఫ్రేమ్ త్రీడీ ప్రింటింగ్‌తో చేసినది. గొప్ప రైడరే, కాదనను. ఆ అంకె పక్కన 49.431 రాసి ఒకే పట్టికలో ఒకదాని కింద ఒకటి పెడితే, చదివే కుర్రాడికి మెర్క్స్ 7 కిలోమీటర్లు తక్కువ మనిషిలా కనపడతాడు. నేను ఒప్పుకోనిది అదే.

చైన్‌వీల్_గుంటూరు:
అయితే రికార్డులు కొట్టేయడం ఎందుకండీ? పట్టికలో అంకె పక్కన ఏ సైకిలో, ఏ భంగిమో, ఆ ఊరు ఎంత ఎత్తులో ఉందో కూడా రాస్తే చాలదా? చదివేవాళ్లే పోల్చుకుంటారు.

బ్రస్సెల్స్_వాసు:
ఇది నచ్చింది. అప్పుడు మెర్క్స్ పేరు పక్కన మెక్సికో సిటీ ఎత్తు, టైటానియం స్టెమ్ కూడా రాయాల్సిందే, రాద్దాం. ఈసారి అటు వెళ్లినప్పుడు అద్దానికి ఫోన్ ఆనించి, ఆ హ్యాండిల్ రంధ్రాలు దగ్గరగా కనపడేలా ఫోటో తీసి ఇక్కడ పెడతాను.