చెక్కభజన పాటకు ఆన్‌లైన్‌లో మిక్సింగ్ చేయించాలి, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. మాది కడప. మా ఊరి చెక్కభజన బృందంతో ఒక పాట రికార్డు చేశాం. గొంతు, డప్పు, తాళాలు, చెక్కలు అన్నీ వేరువేరు ట్రాకులుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లలో ఉన్నాయి. హైదరాబాదుకో చెన్నైకో పోయి స్టూడియో తీసుకునే స్తోమత లేదు. అందుకే ఫైళ్లు పంపితే మిక్సింగ్ (ట్రాకులన్నీ సమంగా కలపడం), మాస్టరింగ్ (కలిపిన పాటకు చివరి మెరుగు) చేసిచ్చేవాళ్ల కోసం వెతుకుతున్నాను.

ఒకాయనతో శాంపిల్ చేయించాను. సౌండ్ పెద్దగానే వచ్చింది గానీ చెక్కల బిళ్లల మోత చెవుల్లో గుచ్చుకుంటోంది. డప్పు మీద పుల్ల పడే ఆ 'టక్' మాత్రం కంప్రెషన్‌లో (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించడంలో) అణిగిపోయింది. చెక్కభజనకు ప్రాణమే దరువు, అది పోతే ఇంకేముంది? సినిమా పాటల లెక్కన చేసేవాళ్లకు ఈ సంగతి ఎలా చెప్పాలి?

గొంతుకు వేసిన రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) తీసేసి పంపాలా, రెండు రకాలూ పంపాలా? ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చో డబ్బులు కట్టకముందే రాయించుకోవాలా? స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ఎలాగూ మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తగ్గించేస్తుంది కదా, మరి మాస్టర్‌ను అంతకంటే గట్టిగా పెంచడం అవసరమా? మిక్సింగ్ చేసినవాళ్లే మాస్టరింగూ చేస్తే మేలా, వేరే ఇంజినీరు వినాలా?

జానపద పాటలకు పనిచేసిన ఇంజినీర్లు తెలిస్తే వాళ్లు చేసిన పాటల లింకులు పెట్టండి. మా పెద్దాయన గొంతు ఇందులో చాలా బాగా పడింది, దాన్ని పాడు చేసుకోవడం ఇష్టం లేదు.