గ్రీకుల 'ఏడు రకాల ప్రేమ' ప్లేటో చెప్పిందేనా?

బరంపురం పాఠకుడు: ఇక్కడి తెలుగు గ్రంథాలయంలో గ్రీకుల ప్రేమతత్వం మీద 20 నిమిషాలు మాట్లాడాలి. వాట్సాప్‌లో తిరిగే లిస్టుతో మొదలుపెడదామని ఉంది: ఎరోస్ (మోహం), ఫిలియా (స్నేహం), స్తోర్గే (ఇంటివాళ్ల మమత), అగాపే (నిస్వార్థ ప్రేమ), లూదుస్ (ఆటలాంటి ప్రేమ), ప్రాగ్మా (లెక్క చూసుకునే ప్రేమ), ఫిలౌతియా (తన మీద తనకి ప్రేమ). ప్లేటో ఇది ఎక్కడ చెప్పాడు? వినేవాళ్లలో సగంమంది ఒడియా మీడియం వాళ్లు, తేలిక మాటలు కావాలి.

పర్లాకిమిడి నుంచి జవాబు: ఎక్కడా చెప్పలేదండీ. లూదుస్ అసలు గ్రీకే కాదు, లాటిన్. దాన్నీ ప్రాగ్మానీ ప్రేమ రకాల్లో చేర్చింది కెనడా పరిశోధకుడు జాన్ అలన్ లీ, 1973లో. లిస్టు పక్కన పెట్టండి.

20 నిమిషాలకి ప్లేటో రాసిన 'సింపోజియం' చాలు. క్రీ.పూ. 416లో నాటకపోటీ గెలిచిన అగథాన్ ఇంట విందు. ఆరుగురు ప్రేమదేవుడు ఎరోస్‌ను పొగుడుతారు. తర్వాత ఏథెన్స్ నాయకుడు ఆల్కిబియాడిస్ తాగి వచ్చి సోక్రటీసును పొగుడుతాడు. ఆ ఆరుగురిలో ఒకడు, హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్ చెప్పే కథకి 3 నిమిషాలివ్వండి: నాలుగు కాళ్లు, నాలుగు చేతులు, రెండు ముఖాల మనుషుల్ని దేవతల రాజు జ్యూస్, గుడ్డును వెంట్రుకతో కోసినట్టు కోసేస్తాడు, అప్పట్నుంచీ సగం సగాన్ని వెతుక్కుంటోంది. జనానికి బాగా ఎక్కుతుంది. అక్కడే ఆపితే మాత్రం అదే ప్లేటో మాటనుకుంటారు. సోక్రటీసు తనకి ప్రేమ గురించి నేర్పిందని చెప్పే డియోటిమా అనే జ్ఞాని దాన్ని కొట్టిపారేస్తుంది: మంచిది కాకపోతే సగమైనా మొత్తమైనా ఎవరికీ అక్కర్లేదు, చెడిన కాలూచెయ్యీ మనవే అయినా తీయించుకోమా అని.

సిరొంచ నుంచి: అనువాదంలో ఒకచోట కాలు జారుతుంది. డియోటిమా చెప్పే కథలో ఎరోస్ తల్లి పెనియా, అంటే లేమి. జంట కుదిరింది కదా అని తండ్రి పోరోస్‌ను 'కలిమి' అనేస్తారు. పోరోస్ అంటే దారి, ఉపాయం. కలిమి అన్నారంటే ఎరోస్‌కి ఆస్తి అంటగట్టినట్టే. డియోటిమా చెప్పే ఎరోస్‌కి చెప్పుల్లేవు, ఇల్లు లేదు, గుమ్మాల ముందు పడుకుంటాడు; ఎత్తులు మాత్రం తండ్రివి. ఒడియాలోనూ, మా వైపు మరాఠీలోనూ ఉపాయమే, అందరికీ అందుతుంది.

డియోటిమా చెప్పే ప్రేమ మెట్ల వరుస: ఒక దేహం, అందమైన దేహాలన్నీ, మనసు, నడవడీ చట్టాలూ, విద్యలు, ఆఖరికి అందమే. మొదటి మెట్టు దాటవేయకండి, 'ప్లేటోనిక్ అంటే దేహం ఊసే లేనిది' అన్న అపోహకి అదే మూలం. ఆ పేరు కూడా ప్లేటో పెట్టింది కాదు, 15వ శతాబ్దపు ఇటలీ తత్వవేత్త ఫిచీనోది.

బరంపురం పాఠకుడు: కలిసి ఉప్పు తినందే ఒకరినొకరు ఎరగరన్న అరిస్టాటిల్ మాటని మన 'ఉప్పు తిన్న విశ్వాసం'తో కలపొచ్చా?

పర్లాకిమిడి నుంచి: వద్దు. మనది యజమాని ఉప్పు. ఆయనది ఇద్దరూ కలిసి తిన్న ఉప్పు, అంటే ఏళ్ల సావాసం. ప్రయోజనం, సరదా, గుణం అని ఆయన చెప్పిన మూడు స్నేహాల్లో ఈ మాట మూడోదాని దగ్గర వస్తుంది ('నికొమాకియన్ ఎథిక్స్' 8వ పుస్తకం, 3వ అధ్యాయం). ఎవరైనా అడిగితే అప్పుడు తీయండి.