"మోస్ట్‌లీ హార్మ్‌లెస్": ఆ మోస్ట్‌లీని ఏం చేద్దాం?

నీలిపెన్ను: నిన్నటి నుంచి బుర్ర తొలిచేస్తోంది. డగ్లస్ ఆడమ్స్ హాస్య సైన్స్ ఫిక్షన్ హిచ్‌హైకర్స్ గైడ్‌ని తెలుగు చేస్తున్నాను. ఆ కథలో గైడ్ అంటే గెలాక్సీ యాత్రికుల పుస్తకం. అందులో భూమి గురించి ముందు ఒక్క ముక్కే కదా, హార్మ్‌లెస్ అని. ఆ గైడ్‌కి రాసే గ్రహాంతరవాసి ఫోర్డ్ ప్రిఫెక్ట్ ఇక్కడ 15 ఏళ్లు ఇరుక్కుపోయి కుస్తీ పడితే చేరింది ఇంకొక్క ముక్క, మోస్ట్‌లీ. "చాలామటుకు హానిలేనిది" అని రాసుకున్నాను. నవ్వు రావట్లేదు. అసలది మటుకా, మట్టుకా?

పాత అచ్చు: మట్టుకు. మట్టు అంటే హద్దు. వత్తు మింగేసి మటుకు అంటున్నాం.

వానచినుకు: మా ఇంట్లో మూడు తరాలుగా మటుకే. ఎవరూ ఏం మింగలేదు.

గేటుదగ్గర: హానీ వద్దు, మట్టూ వద్దు. కుక్క ఉన్న ఇంటికెళ్తే గేటు దగ్గర ఏమంటారు? "ఏం చెయ్యదు, రండి." అదే హార్మ్‌లెస్. ఇప్పుడు ఇంకో ముక్క చేర్చండి. "పెద్దగా ఏం చెయ్యదు, రండి." ఎవరైనా లోపలికి అడుగుపెడతారా?

నీలిపెన్ను: అబ్బ! "భూమి: పెద్దగా ఏం చెయ్యదు."

పాత అచ్చు: బాగుంది కానీ, గ్రంథం కాబట్టి "చేయదు" అనాలి.

గేటుదగ్గర: గ్రంథమేంటండీ, 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో మొదలైన నాటకం అది. నవల 1979లో వచ్చింది. చెవి కోసం రాసిందానికి "చెయ్యదు" అనే ఉండాలి.

కందమూలం: చెవి మాట వచ్చింది కాబట్టి, అసలు చిక్కు 42తో, అదే, జీవితం, విశ్వం, సమస్తం గురించిన ప్రశ్నకి కథలో కంప్యూటర్ చెప్పే జవాబుతో. దాన్ని కందపద్యంలో ఇమిడ్చాలి. "నలభై" సగణం, బానే ఉంది. "రెండు" గలం, కందంలో గణం కాదు. "నలభై రెండే" అంటే స, గగ. చక్కగా కూర్చుంటుంది.

వానచినుకు: 75 లక్షల ఏళ్లు ఆలోచించిన కంప్యూటర్ "నలభై రెండే" అంటే వంకాయల బేరంలా లేదూ? "నలభై రెండని" అనండి, భగణం.

కందమూలం: ఆ బేరమే కదా హాస్యం! మామూలు చిన్న అంకె కావాలని ఎంచుకున్నానన్నాడు ఆడమ్స్. కథలో ఆ జవాబుకి ప్రశ్న "ఆరు తొమ్ముల ఎంత?" అని తేలుతుంది. ఆరు తొమ్ముల యాభై నాలుగు, దాన్ని పదికి బదులు 13 ఆధారంగా రాస్తే 42 అవుతుందని ఎవరో చూపిస్తే, ఆ లెక్కలో నేను జోకులు రాయనన్నాడు.

పాత అచ్చు: ఇలాంటి పనికి శ్రీశ్రీ కావాలి. లిమరిక్ అనే అయిదు పాదాల ఇంగ్లీషు హాస్య పద్యానికి అర్థం వెతుక్కున్నాడా? "రి" తీసి "ఋ" పెట్టి లిమఋక్కు చేశాడు. ఐరిష్ ఊరి పేరులోకి వేదం నడిచొచ్చింది! అవున్న ఆయన పుస్తకం సిప్రాలి తీయండి, ఈ రాత్రికి నిద్రపోరు.

కందమూలం: మా సిప్రాలి ఎవరో తీసుకెళ్లి ఇవ్వలేదు. ఈ గ్రూపులోనే ఉన్నారు.

నీలిపెన్ను: అయ్యా, నా మోస్ట్‌లీ?

వానచినుకు: "అంతగా ఏం చెయ్యదు"?

గేటుదగ్గర: అంతగా అంటే కరుస్తుంది.

వానచినుకు: పెద్దగా అన్నా కరుస్తుందిగా.

గేటుదగ్గర: కరుస్తుంది. ఇంజక్షన్ అక్కర్లేదు.